ఎండకాలం తోటకు ముందు ఆకులు చూసుకోండి, పూల సంగతి తర్వాత

ప్రశ్న: నమస్తే అన్నా. మాది హన్మకొండ. రెండేండ్ల కింద ఇల్లు కట్టుకున్నం. ఇంటికి పడమర దిక్కు, వరండా ముందట కాంపౌండ్ గోడ పొంటి 20 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు జాగ వదిలినం. గోడ ఐదడుగులు, లేత పసుపు రంగు ఏసినం. నర్సరీకి పోయినప్పుడల్లా ఒకటో రెండో చెట్లు తెస్తనే ఉన్న. ఎర్ర మందారం, రాణి రంగు కాగితం పూలు, నారింజ నూరువరహాలు, పసుపు టెకోమా, గులాబీలు, రెండు క్రోటన్లు, డస్టీ మిల్లర్, గులాబి రంగు గన్నేరు ఉన్నయి. పూలు ఉన్నయి గని తోట లేదు అన్నట్టుంది. ఏది చూడాల్నో తెల్వదు, ఏప్రిల్ చివరికొస్తే సగం చెట్ల ఆకులు మాడిపోతయి. నూరువరహాల ఆకులైతే పసుపు పచ్చగ అయితున్నయి. నెట్ల ఇంగ్లండ్ తోటల ఫొటోలు చూస్తే ఎంత మంచిగ రంగులు కలుస్తయో, లావెండర్, హోస్టా ఆన్‌లైన్ల తెప్పిద్దామా అనుకుంటున్న. మేము వరండాల కూసునేది సాయంత్రం ఐదున్నర తర్వాతనే. మా అత్తమ్మకు పూజకు పూలు కావాలె. మూడేండ్ల బాబు ఉన్నడు. ఒకసారి పెడితే ఏండ్ల తరబడి ఉండే చెట్లతోని రంగులు ఎట్ల కలపాల్నో చెప్పండి.

జవాబు: అక్కా నమస్తే. "పూలు ఉన్నయి గని తోట లేదు" అని మీరే రాసిన్రు, అసలు సంగతి అదే. నర్సరీకి పోయిన రోజు ఏ చెట్టు పూత మీద ఉంటే ఆ చెట్టు చేతికొస్తది, ఎవలైనా అంతే, అమ్మేటాయన కూడ పూలున్నవాటినే ముందట పేరుస్తడు. ఇంటికి తెచ్చినంక ఆ పూత పోతది, మళ్ల వచ్చేదాక మీ కండ్ల ముందట ఉండేది ఆకులే. పైగా మన ఎండకాలంల, 43, 44 డిగ్రీలు కొట్టే రోజుల్లో చాలా చెట్లు పూతను తగ్గించుకొని ప్రాణం కాపాడుకునే పనిల ఉంటయి, మొగ్గలు రాలిపోతయి, విచ్చిన పువ్వు మధ్యాహ్నానికే వాడుతది. అందుకే నా మాట ఒక్కటే, ముందు ఆకులతోని తోట నిలబెట్టండి, ఏ ఆకు పక్కన ఏ ఆకు అన్నది తేలినంక పువ్వుల దగ్గరికి పోదాం. మే నెలల ఒక్క పువ్వు లేకపోయినా చూడబుద్ధయ్యేటట్టు ఉంటే అదే మన దగ్గర ఎండకాలం తోట.

ముందుగాల ఆ ఇంగ్లండ్ ఫొటోల సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే అక్కడ్నే చాలామంది పైసలు పోతున్నయి. ఆ తోటలు నిజంగనే గొప్పయి, ఏండ్ల తరబడి ఉండే చెట్లను రంగుల వరసల నాటుడు అనేది అక్కడ పెద్ద విద్య, గెర్ట్రూడ్ జెకిల్ (1843–1932) అనే ఆమె మన్‌స్టెడ్ వుడ్ అనే తన ఇంటి దగ్గర ఒక పొడుగు మడిల రెండు కొసలకు వెండి ఆకులు, నీలం, తెలుపు, లేత పసుపు పెట్టి నడిమికి వచ్చే కొద్ది నారింజ, ఎరుపు దాక పెంచుకుంటూ పోయింది, ఆమె చిత్రకళ నేర్చుకున్న మనిషి కాబట్టి రంగుల లెక్క గట్లనే చూసింది. ఆ లెక్క మనం తీసుకోవచ్చు. చెట్లు మాత్రం తీసుకోవద్దు. వాళ్ల ఎండకాలం అంటే మన డిసెంబర్ పొద్దటి పూట లెక్క, 20, 25 డిగ్రీలు, మెత్తటి వెలుగు, రాత్రి తొమ్మిదింటి దాక సందె. లావెండర్ మన ఎండను ఎట్లనో ఓర్చుకున్నా జులై, ఆగస్టు ముసురుకు వేర్లు కుళ్లి పోతది. వెడల్పు ఆకుల హోస్టాకు చలికాలంల గట్టి చలిల నిద్రపోయే అలవాటు, ఆ చలి మన దగ్గర రాదు, ఏటేటికి చిన్నగైతది, తర్వాత కనపడదు. ఆ పైసలు మిగిలించుకోండి.

మీ దగ్గరున్న డస్టీ మిల్లర్ కూడ అట్లాంటిదే. చలికాలంల వెండి లెక్క మెరుస్తది, ఏప్రిల్ల చచ్చిపోతది. అది మీ తప్పు కాదు, మన మైదానాల్లో దాన్ని చలికాలపు చెట్టుగనే చూసుకోవాలె.

ఇప్పుడు మన వెలుగు సంగతి. వరంగల్, హన్మకొండ భూమధ్యరేఖకు ఉత్తరంగ 18 డిగ్రీల దగ్గర ఉన్నయి, అంటే మే రెండో వారంల ఒక రోజు మిట్ట మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గ నెత్తి మీదికొస్తడు, నిలబెట్టిన కట్టెకు నీడ ఉండదు. అక్కడ్నుంచి జులై ఆఖరు దాక మధ్యాహ్నం సూర్యుడు కొద్దిగ ఉత్తరం దిక్కుకే ఉంటడు. అందుకే చలికాలంల నీడగ ఉన్న ఉత్తరం గోడ పక్క చెట్లు మే, జూన్ల మాడుతయి, చాలామందికి ఎందుకో అర్థం కాదు. ఆ నిట్టనిలువు ఎండల లేత రంగులు కొట్టుకపోతయి, లేత గులాబి, లేత ఊదా పూలు మధ్యాహ్నం తెల్లగ పాలిపోయినట్టే కనపడ్తయి. ముదురు రంగులే నిలబడ్తయి, మన వాకిళ్లల్ల ఎర్ర మందారం, రాణి రంగు కాగితం పూలు ఇన్నేండ్ల నుంచి ఉండుడు ఊరికే కాదు. కాని మీరు కూసునేది సాయంత్రం, అది వేరే లెక్క, దాని దగ్గరికి వస్త.

మీ జాగను జర మనసుల పెట్టుకొని చూడండి. ఇల్లు తూర్పు దిక్కు అడ్డం ఉంది కాబట్టి పొద్దున ఎండ ఆలస్యంగ పడ్తది. గోడ పడమర దిక్కు ఉంది కాబట్టి మూడున్నర, నాలుగు అయ్యేసరికి గోడ నీడ మడి మీదికి జరుగుతది, కింద ఉన్న చిన్న చెట్లకు ఆ నీడ వరం. అంటే మీ మడికి పడేది నడిమి ఎండ, మంట ఎండ, కాని సాయంత్రపు పడమటి ఎండ తప్పుతుంది. ఇంకోటి, మీరు వరండాల కూసొని పడమర దిక్కు చూస్తరు, పొద్దు గుంకేటప్పుడు వెలుగు మీ చెట్ల ఎనక నుంచి వస్తది. గోడ మీదికి పెరిగిన ఏ పలుచటి ఆకైనా ఆ వెలుగుల దీపం వెట్టినట్టు వెలుగుతది, మందపు ఆకులు మాత్రం నల్లగ నీడ బొమ్మల లెక్క ఉంటయి. ఈ ఒక్క సంగతే మీ తోటకు ఆధారం. గోడ పొంటి ఎత్తుగ, పలుచగ, రంగున్న ఆకులు కావాలె.

దానికి నేను చెప్పేది మెట్టతామర. కాన్నా అని కూడ అంటరు నర్సరీల్లో. అందుల ముదురు కంచు రంగు ఆకులది ఒక రకం ఉంటది, ఆకు మీద ఎరుపు, ఊదా కలిసినట్టు ఉంటది, ఐదారు అడుగులు లేస్తది, పువ్వు ఎరుపో నారింజో ఏదైనా పర్వాలేదు, మనకు కావాల్సింది ఆ ఆకు. మీ లేత పసుపు గోడకు ముందట ఆ కంచు రంగు కొట్టొచ్చినట్టు కనపడ్తది, గోడ మీద లేచిన భాగం సాయంత్రం ఎర్రగ వెలుగుతది. ఒక్క దుంప తెచ్చి పెట్టకండి. ఐదు దుంపలు ఒక్క జాగలనే, అడుగున్నర ఎడంతోని గుంపుగ పెట్టండి.

గుంపు అని ఎందుకు నొక్కి చెప్తున్న అంటే, రంగులు కలవకపోవడానికి అసలు కారణం రంగు కాదు, ఒక్కొక్కటి చొప్పున చల్లుడు. బతుకమ్మ పేర్చేటప్పుడు మనింట్ల పెద్దోళ్లు ఏం చేస్తరో చూడండి, తంగేడు వరస అంటే చుట్టూ మొత్తం తంగేడే, దాని మీద రంగద్దిన గునుగు ఒక వరస, మళ్ల బంతి ఒక వరస, ఒక తంగేడు పువ్వు, ఒక గునుగు, ఒక బంతి అని కలిపి పెట్టరు. అట్ల కలిపితే దూరం నుంచి ఏ రంగూ కనపడదు. 20 అడుగుల మడికి ముఖ్యమైన రకాలు ఐదు, ఆరు చాలు, ఒక్కొక్క రకం మూడు, ఐదు, ఏడు గుంపుగ. వరండా నుంచి చూసే కన్నుకు ఒక రంగు కనీసం రెండడుగుల మేర ఆగాలె, అప్పుడే పక్క రంగు తెలుస్తది.

పక్క రంగు అంటే ఇక్కడ ఒక పాత ముచ్చట చెప్పాలె. ఫ్రాన్స్ల షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త పారిస్‌ల గోబెలిన్ నేత కార్ఖానల అద్దకం చూసుకునేటోడు. అక్కడ నల్ల దారం రంగు బాగలేదని ఫిర్యాదులు వస్తుంటే, ఆయన చూసి దారంల తప్పేం లేదు, దాని పక్కన నేసిన నీలం, ఊదా రంగులతోని అది అట్ల పాలిపోయినట్టు కనపడ్తుందని తేల్చిండు, 1839ల ఆ సూత్రాన్ని అచ్చేసిండు. ఏ రంగైనా పక్కనున్న రంగును తనకు ఎదురు రంగు దిక్కు నెడ్తది. పసుపు పక్కన ఊదా ఇంకా ఊదాగ, నీలం పక్కన నారింజ ఇంకా నారింజగ కనపడ్తయి. మీ గోడ లేత పసుపు కాబట్టి, పసుపు టెకోమా ఆ గోడ ముందట కలిసిపోయి కనపడకుంట పోతది, మీకు అది పూసినా పూసినట్టు అనిపించకపోవడానికి ఇదే కారణం. అదే గోడ ముందట నీలం, ఊదా పెడితే నీళ్లు చల్లినట్టు చల్లగ కనపడ్తది.

నీలానికి మన ఎండల నిలబడే చెట్టు ప్లంబాగో. ఆకాశం రంగు పువ్వు, గుత్తులు గుత్తులుగ, ఆకు లేత పచ్చ. ఒకసారి వేరు పట్టిందంటే ఏండ్లకేండ్లు ఉంటది. దాని కొమ్మలు వాలుతయి, మెట్టతామర గుంపు పక్కన ఆ వాలుడు మంచిగ ఉంటది, నిటారు ఆకు, వాలే కొమ్మ, రెండిటికి పొత్తు కుదురుతది. రసం కొందరికి చర్మం మీద దురద పెడ్తది, కత్తిరించేటప్పుడు గ్లౌజులు ఏసుకోండి, బాబుకు అందకుంట గోడ దిక్కే పెట్టండి.

ఊదాకు, పర్పుల్ హార్ట్. నేల మీద పాకే ట్రేడ్‌స్కాంటియా, ఆకే ఊదా రంగు, చిన్న లేత గులాబి పువ్వు పూస్తది గని దాన్ని ఎవలు చూడరు. దీని గుణం ఏందంటే ఎండ ఎంత తగిలితే ఊదా అంత ముదురుతది, నీడల పెడితే పచ్చబడ్తది. కొమ్మ తుంచి గుచ్చితే నాటుకుంటది, పక్కింటోళ్ల దగ్గర ఉంటే నాలుగు కొమ్మలు అడిగి తెచ్చుకోండి, కొనే పని లేదు.

ఇప్పుడు ఆకును చదువుడు నేర్చుకోండి, ఇది తెలిస్తే ఏ నర్సరీలనైనా మోసపోరు. ఆకు మీద తెల్లటి నూగు ఉండి బూడిద రంగు, వెండి రంగు ఉందంటే ఆ నూగు ఎండను ఎనక్కి కొడ్తది, ఆ చెట్టు ఎండకు పుట్టింది, నీళ్లు ఎక్కువైతే చస్తది. మన బీడు భూముల్లో జిల్లేడు ఆకు చూడండి, ఎవలు నీళ్లు పోస్తున్నరు దానికి? ఆకు మందంగ, కండతోని ఉంటే లోపల నీళ్లు దాచుకుంటది, కలబంద లెక్క. ఆకు సన్నగ, చీలినట్టు ఉంటే వేడి తొందరగ వదులుతది. ఆకు పెద్దగ, పలుచగ ఉంటే దానికి దప్పిక ఎక్కువ. ఆకు మీద తెల్ల మచ్చలు, తెల్ల అంచులు ఉంటే ఆ తెల్ల భాగంల పచ్చదనం ఉండదు, మంట ఎండల అదే ముందు కాలుతది, కాబట్టి తెల్ల చారల చెట్లన్నీ సగం నీడల పెట్టాలె. అట్లాంటి చెట్టుకు నడిమిల మొత్తం పచ్చ కొమ్మ ఒకటి లేచిందంటే దాన్ని మొదట్లనే తీసేయండి, అది బలంగ పెరిగి మిగతాదాన్ని మింగేస్తది.

అందుకే రంగుల లెక్క, నీళ్ల లెక్క ఒక్కటే అయ్యేటట్టు మడిని రెండుగ అనుకోండి. నల్లా ఉన్న కొసకు దప్పిక చెట్లు, అంటే మెట్టతామర గుంపు, ఎర్ర మందారం. నల్లాకు దూరం కొసకు వెండి ఆకులు. వెండికి డస్టీ మిల్లర్ బదులు ల్యూకోఫిల్లమ్ అడగండి, బూడిద వెండి ఆకు, ఊదా గులాబి పూలు, గాలిల తేమ పెరిగినప్పుడు, వాన ముందట ఒక్కసారి గుప్పున పూస్తది. మెక్సికో, టెక్సాస్ ఎండలల్ల పుట్టింది కాబట్టి మన మే నెలకు భయపడదు, వానకాలంల నీళ్లు నిలవద్దు అంతే, దాని కింద మట్టి ఆరేడు అంగుళాలు ఎత్తు చేసి ఇసుక, మొరం కలపండి. నడిమిల ప్లంబాగో, అది రెండు దిక్కులా సర్దుకుంటది. వెండి పక్కన లేత నీలం, నీలం పక్కన కంచు ఎరుపు, జెకిల్ చేసిన ఆ చల్లటి రంగు నుంచి వెచ్చటి రంగుకు పోయే దారి మీ 20 అడుగుల్లోనే మన చెట్లతోని వచ్చేసింది చూడండి.

ముందు వరసకు వస్తే, సన్న ఆకులు తప్పకుండ కావాలె. మీరు రాసిన లిస్టుల ఉన్నయన్నీ దగ్గర దగ్గర ఒకే సైజు ఆకులు, మందారం, టెకోమా, గులాబి, నూరువరహాలు, దూరం నుంచి చూస్తే అన్నీ ఒక్క ముద్దనే. ఒక పని చేయండి, ఫోన్ల మడి ఫొటో తీసి దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. అంతా ఒకటే బూడిద రంగుల కలిసిపోతే రంగులు మార్చి లాభం లేదు, ఆకు ఆకారం మార్చాలె. నిమ్మగడ్డి రెండు కుదుర్లు పెట్టండి, ఫౌంటెన్ లెక్క పైకి లేచి వాలుతది, చాయల ఏసుకోవచ్చు, అంచులు కోసుకుంటయి కాబట్టి బాబు ఉరికే దారి పొంటి కాకుంట కొంచెం లోపలికి. రస్సెలియా ఇంకోటి, ఆకు ఉన్నదా లేదా అన్నట్టు సన్నటి పచ్చటి తీగలు, కొసలకు ఎర్రటి చిన్న గొట్టాల పూలు, తేనెపిట్టలు వదిలిపెట్టవు. మెట్టతామర కాళ్ల దగ్గర పర్పుల్ హార్ట్ పరుచుకోనీయండి, ఊదా మీద కంచు, నాకు చాలా ఇష్టమైన జోడి అది.

ఇగ సాయంత్రం ముచ్చట. వెలుగు తగ్గే కొద్ది మన కన్ను రంగులు చూసే తీరు మారుతది, ఎరుపు ముందుగాల నల్లబడ్తది, నీలం, తెలుపు ఎక్కువసేపు నిలబడ్తయి. పుర్కింజే అనే చెక్ శాస్త్రవేత్త దీన్ని గమనించి సుమారు రెండు వందల ఏండ్లయింది, ఆయన పేరే పెట్టిన్రు దానికి. పొద్దు గుంకినంక మీ ఎర్ర మందారం నల్ల మచ్చ లెక్క ఉంటది, ప్లంబాగో నీలం మాత్రం వెలుగుతున్నట్టే ఉంటది. కాబట్టి ఎరుపు, నారింజ, రాణి రంగు అంతా గోడ మీదికి లేచే ఎత్తుల ఉండాలె, ఆఖరి ఎండ అక్కడే తగులుతది. కింద నీడల ముందు వరసల తెలుపు ఉండాలె. తెల్ల పెంటాస్ ఏడు చెట్లు మూడు గుంపులుగ పెట్టండి, మన ఎండను మంచిగనే ఓర్చుకుంటది, పూత పోయిన గుత్తిని తుంచుకుంటూ పోతే మళ్ల మళ్ల పూస్తది. టేబుల్ రోజ్ అందరు పెట్టుకుంటరు, నాకూ ఇష్టమే, కాని అది ఎండ తగ్గేసరికి ముడుచుకుంటది, మీరు వచ్చి కూసునేసరికి ఏం ఉండదు, పొద్దున చూసేటోళ్లకు అది.

తెలుపు అంటే మల్లె లేకుంట ఎట్ల. అత్తమ్మ కోసం గుండు మల్లె వరండా మెట్ల పక్కన పెట్టండి, మడిల కాదు. నవంబర్, డిసెంబర్ల నీళ్లు తగ్గించి, ఆకులు రాలనిచ్చి, సగానికి కత్తిరించి, మళ్ల ఎరువేసి నీళ్లు మొదలుపెడితే మార్చి నుంచి జూన్ దాక పూస్తది. కత్తిరించకుంట వదిలేస్తే ఆకే ఉంటది, పువ్వు కోసం అత్తమ్మ మార్కెట్‌కు పోవాల్సి వస్తది. పూజకు ఎర్ర మందారం ఉండనే ఉంది. ఇంకా కావాలంటే కనకాంబరం రెండు, గోడ నీడ తొందరగ పడే జాగల, అది సగం నీడల హాయిగ ఉంటది.

మీ దగ్గరున్న వాటి సంగతి. టెకోమాను గోడ ముందట నుంచి తీసి గేటు బయట పెట్టుకోండి, ఆడ దాని పసుపు మంచిగ కనపడ్తది. గేటు బయట ఇంకా జాగ ఉంటే తంగేడు ఏయండి, మన రాష్ట్ర పువ్వు, నీళ్లు అడగదు, గింజ పెంకు గట్టిది కాబట్టి వేడి నీళ్లల్ల రాత్రంతా నానబెట్టి నేరుగ నేలలనే పెట్టండి, తర్వాత పీకి నాటుతే దానికి పడదు. రాణి రంగు కాగితం పూలు, నారింజ నూరువరహాలు పక్కపక్కన ఉన్నయా? ఉంటే విడదీయండి. రెండు వేడి రంగులు ఒకదానిని ఒకటి కొట్టుకుంటయి, నడిమిల వెండి ఆకో, ముదురు పచ్చో ఉంటేనే సర్దుకుంటయి. కాగితం పూలు వెండి కొసకు పోవాలె, ల్యూకోఫిల్లమ్ ఎనక మూల, ఎందుకంటే దానికీ నీళ్లు తక్కువైతేనే పూత, రోజూ నీళ్లు పోస్తే ఆకే పెరుగుతది. ఆ రాణి రంగు పక్కన వెండి ఆకు ఎంత అందంగ ఉంటదో పెట్టినంక చూడండి. గులాబీలను మాత్రం ఈ మడిల ఉంచకండి, తొట్లల్లకు మార్చి ఎండకాలం వరండా అంచుకు జరుపుకోండి, వాటి తిండి వేరు, మందులు వేరు.

క్రోటన్లు రెండూ మల్లె దగ్గరికి మార్చండి. వాటికి రంగు రావాలంటే వెలుగు కావాలె, మిట్ట ఎండ తగిలితే కాలుతయి, పొద్దటి ఎండ గాని, గ్రీన్ నెట్ కింద గాని సరిపోతది. జాగ మార్చంగనే ఆకులు రాల్చుతది, భయపడకండి, మళ్ల వస్తయి.

గన్నేరు తీసేయండి అక్కా. ఇది రంగుల ముచ్చట కాదు. ఆకు, పువ్వు, కొమ్మ, అన్నీ విషమే, గుండె మీద పనిచేసే విషం, మూడేండ్ల పిల్లగాడు ఏది దొరికితే అది నోట్ల పెట్టుకునే వయసు. కాల్చొద్దు, ఆ పొగ కూడ మంచిది కాదు, గ్లౌజులు ఏసుకొని తీసి మున్సిపాలిటీ బండికి ఇయ్యండి. పచ్చ గన్నేరు, లాంటానా కాయలు, డురాంటా పసుపు కాయలు, ఇవీ ఈ ఇంట్ల వద్దు. బిళ్ళగన్నేరు ఎండల బ్రహ్మాండంగ పూస్తది, దాని నుంచే విన్‌క్రిస్టిన్ లాంటి క్యాన్సర్ మందులు తీస్తరు, కాని అంత బలమైన చెట్టు కాబట్టే నోట్లకు పోవద్దు, బాబు పెద్దగయ్యేదాక ఆగండి. నేను తెలుపుకు పెంటాస్ చెప్పింది అందుకే.

ఎప్పుడు నాటాలె అంటే, ఇప్పుడు మాత్రం కాదు. ఎండలు ముదిరినంక నాటిన చెట్టు వేరు దింపుకునే లోపలనే ఆకు మాడుతది. కడియం నుంచి లారీల్లో మన నర్సరీలకు వచ్చే చెట్లు గోదావరి గట్టు తేమల, నీడల పెరిగినయి, మన పొడి గాడ్పు వాటికి కొత్త, రోహిణి కార్తెల తెచ్చి నేరుగ ఎండల పెడితే ఏం జరుగుతదో చెప్పే పని లేదు. మృగశిర కార్తె వచ్చి, రెండు మంచి వానలు పడి నేల చల్లబడినంక, జూన్ చివర, జులైల నాటండి. కొన్న చెట్లను వారం పది రోజులు నీడల ఉంచి మెల్లగ ఎండకు జరపండి. వేరు చుట్టు జిగట బంకమట్టి ముద్ద ఉంటే నీళ్లల్ల నానబెట్టి బయటి పొరను కొంచెం వదులు చేసి పెట్టండి, లేకుంటే ఆ ముద్ద ఎండి ఇటుక లెక్క అయితది, చుట్టూ నీళ్లున్నా లోపలికి పోవు. ఆ వానకాలం, చలికాలం వేర్లు దిగితే వచ్చే ఎండకాలానికి మీరు అడిగిన తోట వస్తది. ఈ సంవత్సరం ఎండకాలం మాత్రం ఉన్నవాటిని కాపాడుకోండి, అంతే.

ఈ లోపల చేసే పని, మట్టి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన మొరం, సిమెంటు, సున్నం పెళ్లలు ఆ జాగల కూడి ఉంటయి, అడుగు లోతు తవ్వి ఏరేయండి, బాగ మాగిన పశువుల ఎరువు కలపండి. నేల మీద రెండు మూడు అంగుళాల మందం పల్లి పొట్టు గాని, వరి గడ్డి గాని, ఎండాకులు గాని పరవండి, మొదలుకు ఆనకుంట. ఇది లేకుంట మే నెల తోట లేదు, పైన మట్టి కాలకుండ ఉంటది, పోసిన నీళ్లు నిలుస్తయి. నీళ్లు రోజూ పైపైన చల్లుడు కంటే రెండు మూడు రోజులకొకసారి లోతుగ, పొద్దున ఏడింటి లోపల. మెట్టతామరకు మాత్రం రోజూ కావాలె.

దుంప పూలు రెండు చెప్పి ఆపేస్త. పర్పుల్ హార్ట్ నడిమిల మే పువ్వు దుంపలు దాయండి, చలికాలంల కనపడకుంట పోతది, మే నెలల ఆకు కన్న ముందే ఎర్రటి బంతి లెక్క ఒక్క పువ్వు లేస్తది. ముందు అంచుకు తెల్ల రెయిన్ లిల్లీ, మొదటి వాన పడ్డ నాలుగైదు రోజులకు వరస మొత్తం పూస్తది. రెండిటి దుంపలూ తినేటివి కావు, లోతుగ పెట్టండి, బాబు తవ్వకుంట చూసుకోండి. వానకాలంల ఖాళీ కనపడితే పసుపు కొమ్ములు నాలుగు పెట్టుకోండి, నిజామాబాద్, జగిత్యాల దిక్కు పొలాల్లో చూసే ఉంటరు ఆ వెడల్పు ఆకు, హోస్టా మీద మనసుంటే దానికి అదే జవాబు, జనవరికి ఎండిపోతది, కొమ్ములు తీసుకోవచ్చు.

నూరువరహాల ఆకులు పసుపుగ అయి ఈనెలు మాత్రం పచ్చగ ఉన్నయి అంటే అది ఇనుము అందకపోవుడు. సున్నం ఎక్కువున్న మట్టిల, బోరు నీళ్లతోని మన దగ్గర ఇది మామూలే, మట్టిల ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, సాయంత్రం పూట ఆకులు తడిసేటట్టు పిచికారీ చేయండి, పది రోజులకు మళ్ల ఒకసారి. కలిపిన నీళ్లు ఆ రోజే వాడేయాలె. గోడ మీద పడకుంట అట్ట అడ్డం పెట్టుకోండి, ఆ లేత పసుపు రంగు మీద తుప్పు మరకలు పడితే పోవు.